బేరం బండి ధర మీద... కిస్తీ మీద కాదు!

జఫర్‌గఢ్ నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తోలాలంటే ప్రతిసారీ కిరాయి బండేనా అని సొంత పికప్ కొనాలనుకుంటున్నారా? మంచిదే. కానీ షోరూంలో కూర్చోగానే "నెలకు ఎంత కట్టగలరు?" అంటే జవాబు చెప్పకండి. కిస్తీ మాట మొదలైతే అసలు ధర మరుగున పడుతుంది.

ముందుగా బండి ధర, రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్, బీమా వేర్వేరుగా కాగితం మీద రాయించుకోండి. అదే బండికి రెండు మూడు చోట్ల రాయించి పోల్చండి. సరుకు రవాణా బండ్లపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ తగ్గింపు మీ కాగితంలో ఉందో లేదో చూడండి. 'హ్యాండ్లింగ్' ఖర్చని వేస్తే కొట్టేయమనండి. బీమా అక్కడే తీసుకోవాలని లేదు.

ధర తేలాకే అప్పు మాట. 5 లక్షలకు 8 శాతం 'ఫ్లాట్' వడ్డీ అంటే తక్కువేగా అనిపిస్తుంది. అసలు తీరుతున్నా వడ్డీ తగ్గదు. అయిదేళ్లకు వడ్డీయే 2 లక్షలు! తగ్గే బాకీపై లెక్కిస్తే అది సుమారు 14 శాతం.

అంగడిలో పళ్లు చూడనిదే ఎద్దుకు బయానా ఇస్తామా? బండికీ అంతే.