కౌన్సిలింగ్ అంటే సీటు పంచే రోజేనా?

బందరు కోనేరు సెంటర్లో గానీ, గుడివాడ బస్టాండులో గానీ, అవనిగడ్డలో గానీ ఇంటర్ పాసైన కుర్రాణ్ణి ఆపి "కౌన్సిలింగ్ అంటే ఏంటయ్యా?" అని అడగండి. "సీటిచ్చే రోజండీ" అంటాడు. ర్యాంకు కార్డు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని వాళ్ల నాన్నతో కలిసి లైన్లో నిలబడే రోజు. ఇప్పుడా లైను చాలావరకు నెట్ సెంటరుకు మారింది. నిజానికి ఆ మాటకు అర్థం ఆలోచన చెప్పడం, దారి చూపడం. మన దగ్గర అది సీట్ల పంపకానికి పేరుగా మిగిలింది.

దళితవాడల పిల్లల్లో చాలామందిని "నువ్వేం చదవాలనుకుంటున్నావు?" అని వ్యవస్థ మొదటిసారి అడిగేది ఆ రోజే. అప్పటికే జవాబు తయారై ఉంటుంది. ఎనిమిదో తరగతిలో రాయని పరీక్ష, బడి రిజిస్టర్లో ఎవరో రాసిన మతం, పది తర్వాత ఎవరో చెప్పిన గ్రూపు కలిసి ఆ జవాబు రాసేసి ఉంటాయి. కనుక కౌన్సిలింగ్ గురించి మాట్లాడాలంటే సీటు రోజు నుంచి వెనక్కి నడవాలి.

సలహా కూడా ఆస్తే

రెండు ఇళ్లు ఊహించుకుందాం. ఒకటి గుడివాడ దగ్గర, మాగాణి ఉన్న ఇల్లు. మేనమామ విజయవాడలో ఇంజనీరు, పెదనాన్న కూతురు అమెరికాలో. ఆ ఇంటి పిల్లవాడు ఏడో తరగతిలో ఉండగానే ఏ గ్రూపు, ఏ కాలేజీ, ఏ పరీక్ష అనే మాటలు భోజనాల దగ్గర నడుస్తుంటాయి. ఎవరూ కూర్చోబెట్టి చెప్పనక్కర్లేదు, చెవిన పడుతుంటాయి. రెండోది నాగాయలంక వైపు ఒక పేటలో ఇల్లు. తండ్రి చెరువుల మీద కూలి, తల్లి నాట్లకూ కోతలకూ పోతుంది. పిల్ల బాగా చదువుతుంది. ఆ ఇంటినుంచి కాలేజీ మెట్టెక్కబోయే మొదటి మనిషి ఆమే. ఈ ఇంట్లో ప్రేమ తక్కువా? పట్టుదల తక్కువా? రెండూ కాదు. సమయానికి అందే సమాచారం తక్కువ.

భూమి ఎలా వారసత్వంగా వస్తుందో సలహా కూడా అలాగే వస్తుంది. భూమి లేనివాడికి అది లేదన్న సంగతి తెలుసు. సలహా లేనివాడికి ఆ లేమి కూడా తెలియదు. సీటు రాకపోతే "మా పిల్లకి తెలివి చాల్లేదు" అనుకుంటాడు. తప్పు పిల్ల మీదకు పోతుంది, వ్యవస్థ చల్లగా పక్కన నిలబడుతుంది.

అంబేడ్కర్ జీవితం కూడా ఇదే చెబుతుంది. 1907లో ఆయన మెట్రిక్ పాసైనప్పుడు కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుని జీవితచరిత్రను కానుకగా ఇచ్చాడు. తర్వాత బరోడా మహారాజా శాయాజీరావుకు పరిచయం చేసి కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్ వచ్చేలా చూశాడు. 1913లో కొలంబియాకు వెళ్లడానికి కూడా బరోడా సాయమే ఆధారమైంది. తెలివి అంబేడ్కర్‌ది, కష్టం ఆయనది, ఆయన తండ్రి రాంజీది. అయినా, ఫలానాచోట సాయం దొరుకుతుందని తెలిసిన మనిషి ఒకరు కావలసివచ్చింది. అంతటి మేధకే ఆ మనిషి కావలసివస్తే మన హాస్టలు పిల్లకు అక్కర్లేదని ఎలా అంటాం?

ప్రభుత్వానికి ఇది తెలియని సంగతి కాదు. 1952-53లో మొదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలల్లో మార్గదర్శనం ఉండాలని చెప్పింది. 1964-66లో కొఠారి కమిషన్ దాన్ని ప్రాథమిక దశనుంచే మొదలుపెట్టాలంది. అయినా మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కల మాస్టారు ఉంటారు, డ్రిల్లు మాస్టారు ఉంటారు, ఆ పనికోసం ప్రత్యేకంగా ఒక మనిషి మాత్రం కనిపించడు.

మన ప్రాంతానికి చదువుల సీమ అనే పేరుంది. బందరులో 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి తర్వాత నోబుల్ కాలేజీ అయింది. 1910లో అక్కడే ఆంధ్ర జాతీయ కళాశాల వచ్చింది. 1950లో గుడివాడకు కాలేజీ వచ్చింది. 2008లో బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాయి. అంటే కాలేజీలు దగ్గరికొచ్చాయి. కాలేజీ దాకా వెళ్లే దారి చెప్పేవాళ్లు రాలేదు.

ఎనిమిదో తరగతి

మొదట జారిపోయేది ఇక్కడే. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలకు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. 2008లో మొదలైంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు వరకు ఏటా 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లకు 48,000. తిండీ బసా చదువూ కలిపి ఇచ్చే గురుకులాల పిల్లలకు ఇది వర్తించదు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉంటూ జెడ్పీ హైస్కూలుకు నడిచి వెళ్లే పిల్లల సంగతి వేరు, వాళ్లు రాయొచ్చు. ఈ తేడా తెలియక "హాస్టలోళ్లకి లేదంట" అని వదిలేసుకునేవాళ్లున్నారు.

డబ్బు సంగతి అటుంచితే, పోటీ పరీక్ష అంటే భయం పోయే వయసు ఇదే. చదువు నిలబడేదీ, కూలేదీ ఇక్కడే. నాట్లప్పుడు నాలుగు రోజులు, కోతలప్పుడు వారం రోజులు బడి మానిన పిల్ల తొమ్మిదిలో లెక్కల్లో వెనకబడుతుంది. ఆ వెనకబాటును "వీళ్లకి లెక్కలు రావు" అని చదువుతారు. రానిది లెక్క కాదు, మానిన పాఠం. దాన్ని మళ్లీ చెప్పించాలి. రాత్రి రెండు గంటలు లైటు వెలిగే కమ్యూనిటీ హాలో, చర్చి వరండానో, పక్కన డిగ్రీ చదివే అన్నో అక్కో ఉంటే చాలా పిల్లలు నిలబడతారు.

రిజిస్టర్లో రెండు గడులు

బడిలో చేర్చేటప్పుడు కులం, మతం అని రెండు గడులు నింపుతారు. అప్పుడు ఎవరూ పట్టించుకోరు. అవి పదేళ్ల తర్వాత సీటు దగ్గర మాట్లాడతాయి.

దిగువ డెల్టాలో మన వాడల్లో చాలామంది చర్చికి పోతారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కుల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మతం మారిన ఎస్సీలు, వాళ్ల సంతానం మన రాష్ట్రంలో బీసీ-సి కింద వస్తారు, అక్కడ రిజర్వేషను 1 శాతం. ఎస్సీలకు 15 శాతం. ఊళ్లో వివక్ష మాత్రం మతం అడిగి రాదు. ఈ అన్యాయం మీద పోరాటం చాలాకాలంగా నడుస్తోంది. అది నడవాల్సిందే. ఈలోగా ఏ కాగితంలో ఏముందో తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. పిల్లల టీసీ, రిజిస్టర్, ధ్రువపత్రం మూడూ ముందే పోల్చి చూసుకోవాలి. సీటు రోజున మూడూ మూడు రకాలుగా ఉంటే జరిగేదేమిటో అందరం చూస్తున్నాం.

కులం గడిలో మరో చిక్కు ఉంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచములన్న పేరు తోసేసి ఆది ఆంధ్రులమని ప్రకటించుకుంది. ఆ ఆత్మగౌరవంతో మాలలూ మాదిగలూ ఆ పేరు రాయించుకున్నారు. 1997-2004 మధ్య ఏబీసీడీ వర్గీకరణలో ఆది ఆంధ్ర వేరే వర్గమైంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. 2025లో మన రాష్ట్రం ఎస్సీలను మళ్లీ మూడు వర్గాలుగా చేసింది. కనుక ఇప్పుడు ధ్రువపత్రంలో ఎస్సీ అన్న మాటొక్కటే చాలదు, కులం పేరు ఏమని ఉందో చూడాలి. వర్గీకరణ మీద మనలో ఎవరి అభిప్రాయం ఏదైనా, పిల్ల కాగితం సరిగా ఉండాలన్న దానిలో రెండో మాట లేదు.

పది తర్వాత: "నీకెందుకు ఎంపీసీ?"

నేను పది పాసైనప్పుడు ఒక మాస్టారు నా మార్కుల కాగితం చూడకుండానే "హెచ్ఈసీ తీసుకోరా, తేలిగ్గా పాసవుతావు" అన్నారు. ఆయన మంచివారే, మా మేలు కోరే అన్నారు. హెచ్ఈసీ తక్కువదనీ నేను అనను. నా బాధల్లా మార్కులు చూడకపోవడం గురించే. మా బెంచీలో నాకంటే తక్కువ మార్కులొచ్చిన ఇంకో కులం పిల్లవాడికి ఆ సలహా రాలేదు. వివక్ష ఎప్పుడూ తిట్టులాగా రాదు. కొన్నిసార్లు జాలిలాగా వస్తుంది.

గ్రూపు అంటే తలుపులు. బైపీసీ తీసుకోకపోతే డాక్టరు దారి దాదాపు మూసుకుపోతుంది. లెక్కలు వదిలేస్తే ఇంజనీరింగ్ పోతుంది. సీఈసీ, హెచ్ఈసీ చదివినవాళ్లకు లాసెట్ రాసి అయిదేళ్ల లా కోర్సు, డిగ్రీ చేసి బీఈడీ, గ్రూపు పరీక్షలు, సివిల్స్ ఉన్నాయి. ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏది మూసుకుంటుందో చెప్పి, ఎంచుకోవడం పిల్లకే వదలాలి.

ఇంటర్ కాక వేరే దారులూ ఉన్నాయి. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట నేరుగా చేరొచ్చు. కూలి ఇళ్ల పిల్లలకు ఇది గట్టి మెట్టు, మధ్యలో ఆగినా చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే చదువుంటుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల కోర్సుకు తీసుకుంటారు. నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల పిల్లలకు వెనకబాటు లెక్కన 4 శాతం కలుపుతారు. ఈ సంగతి తెలిసిన జెడ్పీ హైస్కూలు పిల్ల పదిని వేరే రకంగా చదువుతుంది. నాగాయలంక మండలం భావదేవరపల్లిలో ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది, పది అర్హతతో రెండేళ్ల డిప్లొమా. చెరువుల మీద కూలికి పోయే తండ్రి బిడ్డ అదే చెరువుకు సాంకేతిక నిపుణుడిగా వెళ్లే వీలుంది. చెరువు మన ఊళ్లోనే ఉంది, కాలేజీ మన సీమలోనే ఉంది. ఈ రెంటినీ కలిపి చెప్పేవాడే కావాలి.

ఆడపిల్లల విషయంలో అడ్డంకి తరచు దూరమే. దివిసీమకు రైలు లేదు, బస్సే దిక్కు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు వంటి బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కాబట్టి ఖర్చు వంక తగ్గింది. "అంత దూరం ఎందుకు, సంబంధం చూద్దాం" అనే మాట తగ్గలేదు. కాబట్టి సలహా పిల్లకు చెప్పి ఊరుకుంటే చాలదు, తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడాలి. ఏ ఊళ్లో ఏ హాస్టలు ఉందో, వెళ్లి చూపించి తీసుకురావాలి.

సీటు రోజు

ఇక చివరి మెట్టు. ఇక్కడ నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, రిజర్వేషను అంటే మనకు 15 శాతం సీట్లే అని కాదు. ర్యాంకు వస్తే ఓపెన్ కేటగిరీ సీటు కూడా మనదే. ఆడపిల్లలకు ప్రతి వర్గంలోనూ 33 శాతం పైచిలుకు కేటాయింపు ఉంది.

రెండు, వెబ్ ఆప్షన్లలో ఇష్టమైన కాలేజీని ముందు పెట్టాలి. "రాదేమో" అని వదిలేయకూడదు. పైన పెట్టినది రాకపోతే కిందిది చూస్తారు. ఎక్కువ ఆప్షన్లు పెడితే నష్టం లేదు, నాలుగే పెట్టి ఊరుకుంటే ఉంది. నెట్ సెంటర్ కుర్రాడి చేతికి పాస్‌వర్డు ఇచ్చి రాకూడదు.

మూడు, కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంటు. మేనేజ్‌మెంటు కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు రాదు. ఊళ్లోకొచ్చిన కాలేజీ ఏజెంటు "అన్నీ మేం చూసుకుంటాం బాబాయ్" అంటాడు. సీటు ఏ కోటా అని ముందు అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగక అప్పుల పాలైన ఇళ్లున్నాయి.

నాలుగు, స్కాలర్‌షిప్ దయ కాదు. అంబేడ్కర్ వైస్రాయి కార్యవర్గంలో ఉన్న రోజుల్లో, 1944లో, మెట్రిక్ తర్వాత చదువుకు ఎస్సీ స్కాలర్‌షిప్ మొదలైంది. 2021 మార్గదర్శకాల ప్రకారం ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు, ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా రాష్ట్రంలో పథకం పేరు మారింది. డబ్బు తల్లి ఖాతాలో పడిన ఏళ్లున్నాయి, కాలేజీకి పోయిన ఏళ్లున్నాయి. ఆలస్యమైతే కాలేజీ పిల్లను పీడిస్తుంది, సర్టిఫికెట్లు పట్టుకు కూర్చుంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపడానికి యూజీసీ, ఏఐసీటీఈ నియమాలు ఒప్పుకోవు. ఈ మాట పిల్ల ఒక్కతే వెళ్లి చెబితే వినరు. సంఘం వెళ్లి చెబితే వింటారు.

మరి ఎవరు చేయాలి?

బళ్లో కౌన్సిలర్ల నియామకం కోసం అడుగుతూనే ఉండాలి, అది ప్రభుత్వ బాధ్యత. వాళ్లు వచ్చేదాకా ఈ ఏడాది పదో తరగతి పిల్ల ఆగదు. మన వాడల్లో చదువుకున్నవాళ్లు ఇప్పుడు కొందరైనా ఉన్నారు. టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, నర్సులున్నారు, యూనివర్సిటీల్లో పరిశోధన చేస్తున్నవాళ్లున్నారు. వీళ్లలో ఎక్కువమంది ఏడాదికోసారి ఊరికొస్తారు. ఎప్పుడు? ఏప్రిల్ 14న.

ఆ తేదీ ఎలా కుదిరిందో చూడండి. అప్పటికి పది పరీక్షలు అయిపోతాయి, ఫలితాలు ఇంకా రాలేదో, అప్పుడే వస్తున్నాయో అన్నట్టుంటుంది. గ్రూపు నిర్ణయం కావలసింది సరిగ్గా ఆ రోజుల్లోనే. దండ వేస్తాం, ఉపన్యాసాలు చెబుతాం, అన్నం పెడతాం. ఆ పక్కనే ఒక బల్ల వేసి, వాడలో ఎనిమిది, పది, ఇంటర్ చదువుతున్న పిల్లల పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాద్దాం. ఎవరి కాగితాల్లో ఏం తేడా ఉందో చూద్దాం. ప్రతి పిల్లకూ ఒక పెద్దను అప్పగిద్దాం, పరీక్ష దరఖాస్తు గడువు గుర్తుచేయడానికి, ఏజెంటు వచ్చిన రోజు పక్కన కూర్చోడానికి. వచ్చే ఏప్రిల్‌లో అదే నోటుబుక్కు తెరిచి, ఎవరు ఎక్కడున్నారో పేరుపేరునా అడుగుదాం. పేరు పక్కన ఖాళీ ఉంటే, ఆ ఖాళీకి జవాబు పిల్లను కాదు, మనల్ని మనం అడగాలి.