ఆట లేని నెలల్లో జట్టు కట్టడం

ఐపీఎల్ జట్టు ఏటా రెండు నెలలు ఆడుతుంది, మిగతా పది నెలలూ లెక్కలు వేసుకుంటుంది. పట్టికలో అట్టడుగున మిగిలిన జట్టుకైతే అసలు సీజన్ ఆ పది నెలలే. ఎవరిని అట్టిపెట్టుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరిని ఇంకో జట్టుకిచ్చి ఎవరిని తెచ్చుకోవాలి, వేలంలో ఎవరి మీద ఎంతదాకా పోవాలి అన్నవి ఆ కాలంలోనే తేలాలి. సన్‌రైజర్స్ హైదరాబాద్ ఈ పనిని బాగా చేసిందీ ఉంది, చెడగొట్టుకున్నదీ ఉంది. 2021లో ఎనిమిది జట్లలో ఎనిమిదోది. 14 మ్యాచ్‌ల్లో గెలిచింది 3. 2023లో పది జట్లలో పదోది. ఆ మరుసటి ఏడే ఫైనల్ ఆడింది.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగువాళ్లకు ఈ జట్టుతో ఉన్న బంధం కాస్త చిత్రమైనది. రాష్ట్రాన్ని బట్టి చూస్తే చెన్నై, దూరాన్ని బట్టి చూస్తే బెంగళూరు, భాషను బట్టి చూస్తే హైదరాబాద్ వాళ్ల జట్టు కావాలి. అయితే హైదరాబాద్ జట్టు యాజమాన్యం ఉన్నది చెన్నైలోనే. 2012లో సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున ఆ ఫ్రాంచైజీని దక్కించుకుంది.

జట్టును కూల్చి కట్టడమనే ఆలోచన ప్రధానంగా అమెరికా బేస్‌బాల్‌ది. అక్కడ కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో, చిట్టచివర నిలిచిన జట్టుకు చాలా కాలం మొదటి వంతు దక్కేది. అందుకని కొన్ని జట్లు ఖరీదైన పెద్ద ఆటగాళ్లను ఇచ్చేసి, పేరు లేని కుర్రవాళ్లను తెచ్చుకుని, రెండు మూడేళ్లు ఓటమికి సిద్ధపడేవి. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011, 2012, 2013 మూడేళ్లూ వందకు పైగా మ్యాచ్‌లు ఓడింది. 2017లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఐపీఎల్‌లో ఆ ఓదార్పు లేదు. ఓడినవాడికి ముందు వంతు లేదు, అదనంగా ఒక్క రూపాయి రాదు. ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టగల మొత్తం, అంటే పర్సు, అందరికీ ఒకటే: 2022లో 90 కోట్లు, 2023లో 95, 2024లో 100, 2025లో 120. జట్టులో గరిష్ఠంగా 25 మంది. వాళ్లలో విదేశీయులు ఎనిమిది మందికి మించకూడదు, మైదానంలోకి దిగే పదకొండుగురిలో నలుగురికి మించకూడదు.

మరి ఓడిన జట్టు దేన్ని పోగుచేసుకోవాలి? జవాబు నిబంధనల్లో ఓ మూల ఉంది. వేలంలో పలికిన ధర, చాలామంది ఆటగాళ్లు తిరిగి పాటకు వచ్చే మెగా వేలం వచ్చేదాకా, అంటే మామూలుగా మూడేళ్లు, ఆ ఆటగాడికి అలాగే నిలిచి ఉంటుంది. ఈలోగా అతడి ఆట పదింతలైనా పర్సులోంచి పోయేది పాత ధరే. ఈ రోజు అతణ్ణి బజారులో పెడితే ఎంత పలుకుతాడో ఆ మొత్తానికీ, పుస్తకంలో ఉన్న ధరకూ మధ్య తేడాయే జట్టుకు దాచుకున్న సొమ్ము. పునర్నిర్మాణమంటే ఆ తేడాను పెంచుకోవడమే. పెద్ద పేర్లు కొనడం దానికి చాలాసార్లు అడ్డొస్తుంది కూడా.

ఎందుకు అడ్డొస్తుందో కృష్ణగిరి మామిడి తోటల్లో తెలుస్తుంది. కాయ కోతకు రాకముందే, పూత మీదే తోటను గుత్తకు ఇచ్చే పద్ధతి అక్కడుంది. గుత్తదారులు చెట్ల మధ్య తిరిగి పూత ఎంత నిలుస్తుందో, తేనెమంచు పురుగు ఎంత తింటుందో, గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురికి ఈసారి ఏం ధర కడతాయో ఎవరికి వారు లెక్క కడతారు. తోట ఒక్కటే, దిగుబడీ ఒక్కటే, అంచనాలే వేరు. అంచనాల సగటు నిజానికి దగ్గరగానే ఉండవచ్చు. కానీ తోట సగటు మనిషికి దక్కదు. అందరికన్నా ఎక్కువ ఆశపడ్డవాడికి దక్కుతుంది. అంటే పాట గెలవడమే అంచనా తప్పిందనడానికి ఓ సూచన. 1971లో ఒక అమెరికన్ చమురు కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు మెక్సికో సింధుశాఖ లీజుల వేలంలో ఈ సంగతి గమనించి రాశారు. ఆర్థికవేత్తలు దీన్ని విజేత శాపం అన్నారు. 1980లో క్యాసింగ్, డగ్లస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బేస్‌బాల్ ఆటగాళ్ల ఒప్పందాల్లోనూ ఇదే జరుగుతోందని చూపించారు. వేలం సిద్ధాంతానికి 2020లో నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ విల్సన్ పరిశోధన చెప్పే విరుగుడు వినడానికి తేలిక: పాటదారు తన అంచనా కన్నా తగ్గించి పాడాలి, పోటీదారులు ఎక్కువైన కొద్దీ ఇంకా తగ్గించాలి. వేలం గదిలో కూర్చున్నవాళ్లకు సరిగ్గా దీనికి విరుద్ధమైన పని చేయాలనిపిస్తుంది.

2022 డిసెంబరు 23న కొచ్చిలో జరిగిన మినీ వేలం దీనికి నిదర్శనం. సన్‌రైజర్స్ కెప్టెన్ కేన్ విలియమ్సన్‌ను (14 కోట్లు), నికొలస్ పూరన్‌ను (10.75 కోట్లు) వదిలేసి, అన్ని జట్లకన్నా పెద్ద పర్సుతో, 42.25 కోట్లతో వచ్చింది. హ్యారీ బ్రూక్ ఆ నెలలోనే పాకిస్థాన్‌లో మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టి ఉన్నాడు. అతడి కోసం 13.25 కోట్లు పెట్టింది. ఈడెన్ గార్డెన్స్‌లో ఓ సెంచరీ కొట్టాడు గానీ, 11 ఇన్నింగ్స్‌లలో మొత్తం చేసింది 190 పరుగులు. ఏడాది తిరగగానే వదిలేస్తే తర్వాతి వేలంలో ఢిల్లీకి 4 కోట్లకు వెళ్లాడు. అతడు చెడ్డ ఆటగాడేం కాదు. మూడు టెస్టుల తాజా జ్ఞాపకానికి ధర కట్టడమే పొరపాటు. అదే కొచ్చి వేలంలో అదే జట్టు హైన్రిక్ క్లాసెన్‌ను 5.25 కోట్లకు, విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని కనీస ధర 20 లక్షలకు కొన్నది. ఆ రోజు పత్రికలు రాసింది బ్రూక్ గురించి. తర్వాత జట్టుకు అక్కరకొచ్చింది ఈ ఇద్దరు.

వదులుకోవడానికీ ఓ ధర ఉంటుంది. పూరన్‌ను వదిలితే 10.75 కోట్లు వెనక్కి వచ్చాయి, పూరన్ మాత్రం రాలేదు. లక్నో అతణ్ణి 16 కోట్లకు కొని 2024లో 499, 2025లో 524 పరుగులు రాబట్టుకుంది. ఒక్క సీజన్ చూసి ఇరవై ఓవర్ల బ్యాటర్‌ను తూచడం కష్టం. 14 మ్యాచ్‌ల్లో అతడు ఎదుర్కొనేది రెండు మూడు వందల బంతులు; అంత చిన్న నమూనాలో అదృష్టానిదే పెద్ద వాటా. ఓడిన జట్టు యాజమాన్యాలు ఈ మాట వినే ఓపికతో ఉండవు.

ట్రేడ్‌ల సంగతి వేరు. సీజన్ ముగిశాక ఒక గడువు వరకు జట్లు ఆటగాళ్లను మార్చుకోవచ్చు, లేదా రొక్కానికి ఇవ్వవచ్చు. ఆటగాడి సమ్మతి, బోర్డు అనుమతి ఉండాలి. 2018లో సన్‌రైజర్స్ శిఖర్ ధావన్‌ను (5.2 కోట్లు) ఢిల్లీకిచ్చి విజయ్ శంకర్ (3.2 కోట్లు), షాబాజ్ నదీమ్ (3.2 కోట్లు), అభిషేక్ శర్మ (55 లక్షలు)లను తెచ్చుకుంది. అభిషేక్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. బేరంలో అతడు కొసరు. ధావన్ తర్వాతి రెండు సీజన్లలో ఢిల్లీకి 521, 618 పరుగులు చేశాడు కాబట్టి హైదరాబాద్ మోసపోయిందనే అందరూ అన్నారు. ఆరేళ్ల తర్వాత చూస్తే ఆ బేరంలో మిగిలిన విలువంతా కొసరులోనే ఉంది. కాకపోతే మధ్యలో వచ్చిన 2022 మెగా వేలంలో అతణ్ణి మళ్లీ 6.5 కోట్లు పెట్టి కొనుక్కోవలసి వచ్చింది. బేస్‌బాల్ జట్టు కుర్రవాణ్ణి తెచ్చుకుంటే ఆరేడేళ్లు తన గుప్పిట్లో ఉంచుకోగలదు. ఐపీఎల్‌లో మెగా వేలం ఆ గుప్పిటను మూడేళ్లకోసారి తెరిపిస్తుంది.

కృష్ణగిరికి దక్షిణాన, ధర్మపురి దాటితే వచ్చే సేలం జిల్లాలోని చిన్నప్పంపట్టి నుంచి వచ్చిన ఎడమచేతి పేసర్ టి. నటరాజన్ ధరల చరిత్రలో ఈ లెక్కంతా ఉంది. 2016లో తమిళనాడు ప్రీమియర్ లీగ్‌లో వరసగా యార్కర్లు వేసి పేరు తెచ్చుకున్నాడు. కనీస ధర 10 లక్షలున్న అతణ్ణి 2017లో పంజాబ్ 3 కోట్లకు పాడింది. ఆ ఏడు పెద్దగా ఆడించలేదు. 2018లో సన్‌రైజర్స్‌కు 40 లక్షలకే దొరికాడు. రెండు సీజన్లు బెంచీ మీదే కూర్చున్నాడు. 2020లో 16 వికెట్లు తీసి, ఆ శీతకాలంలోనే ఆస్ట్రేలియాలో మూడు ఫార్మాట్లలోనూ భారత్ తరఫున అరంగేట్రం చేశాడు. అప్పటికీ అతడి ధర 40 లక్షలే. 2022లో 4 కోట్లయ్యింది, 2024లో 19 వికెట్లు తీశాడు, ఆ తర్వాతి మెగా వేలంలో 10.75 కోట్లకు ఢిల్లీ పట్టుకుపోయింది. జట్టుకు మిగులు వచ్చింది అతడు చౌకగా ఉన్న ఏళ్లలోనే.

2023 డిసెంబరు 19న దుబాయ్‌లో ప్యాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు కొన్నప్పుడు బ్రూక్ కథే మళ్లీ మొదలైందనిపించింది. నిజానికి రెండింటికీ తేడా ఉంది. కమిన్స్ గురించి ఊహించవలసిందేమీ లేదు. ఆ ఏడాదే ఆస్ట్రేలియాకు టెస్టు చాంపియన్‌షిప్, వన్డే ప్రపంచకప్ గెలిపించిన కెప్టెన్. సన్‌రైజర్స్‌కు బౌలరూ కావాలి, నాయకుడూ కావాలి. ఈ రెండు ఖాళీలూ ఒక్క విదేశీ స్థానంతో పూడ్చగలగడం ఆ జట్టుకు ప్రత్యేకంగా ఉన్న అవసరం. పాటలో ధర నిర్ణయించేది గెలిచినవాడు కాదు, అతడి వెనక చివరిదాకా వచ్చిన రెండోవాడు. కమిన్స్ వెనక అలాంటివాడున్నాడు. అదే రోజు ట్రావిస్ హెడ్ వెనక అంత దూరం ఎవరూ రాలేదు. సరిగ్గా నెల ముందు ప్రపంచకప్ ఫైనల్లో సెంచరీ కొట్టిన ఓపెనర్ 6.8 కోట్లకు దొరికాడు.

హెడ్, అభిషేక్ ఓపెనింగ్ జంట వెనక ఓ ఆలోచన ఉంది. ఇరవై ఓవర్ల ఆటలో బంతులు 120, వికెట్లు పది. చాలా ఇన్నింగ్స్‌లలో బంతులు ముందు అయిపోతాయి, వికెట్లు మిగిలిపోతాయి. 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన ఇంకో బ్యాటర్‌ను ఇచ్చి వికెట్‌ను మరింత చౌక చేసింది. అలాంటప్పుడు సగటు కన్నా వేగానికి విలువ ఎక్కువ. 2024లో అభిషేక్ 484 పరుగులు చేసిన స్ట్రయిక్ రేటు 204. ఆ ఏప్రిల్ 15న హోసూరుకు 40 కిలోమీటర్ల దూరంలోని చిన్నస్వామి స్టేడియంలో జట్టు 3 వికెట్లకు 287 కొట్టింది. అయిదు రోజులకు ఢిల్లీ మీద మొదటి ఆరు ఓవర్లలోనే 125. ఇదే పద్ధతి ఫైనల్లో ఎదురు తన్నింది: కోల్‌కతా ముందు 113కే ఆలౌట్.

ఆ జట్టుకు మూలమైన అయిదుగురు, కమిన్స్, హెడ్, అభిషేక్, క్లాసెన్, నితీశ్ 2024లో వందకోట్ల పర్సులో తిన్నది 39.25 కోట్లు. 2025 మెగా వేలానికి ముందు వాళ్లనే కొత్త ధరలకు అట్టిపెట్టుకున్నప్పుడు క్లాసెన్ 23, కమిన్స్ 18, హెడ్ 14, అభిషేక్ 14, నితీశ్ 6. మొత్తం 75 కోట్లు. 120 కోట్లలో మిగిలినవి 45. దాచుకున్న తేడా మెగా వేలంతో ఒక్కసారిగా ఖర్చయిపోయింది. ఆ 45 కోట్లలో ఇషాన్ కిషన్‌కు 11.25, మహమ్మద్ షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8 పోయాయి. మొదటి మ్యాచ్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టిన జట్టు ఆరో స్థానంలో ఆగింది. షమీ తొమ్మిది మ్యాచ్‌ల్లో 6 వికెట్లే తీశాడు. 2025 నవంబరులో అతణ్ణి అదే 10 కోట్ల ధరకు లక్నోకు ట్రేడ్ చేసి, ఆ మొత్తాన్ని పర్సులోకి తెచ్చుకున్నారు. మరుసటి నెల అబుదాబి మినీ వేలంలో, తొలి విడతలో ఎవరూ అడగని లియామ్ లివింగ్‌స్టన్‌ను మలి విడతలో 13 కోట్లకు కొన్నారు. అతడి కనీస ధర 2 కోట్లు.