తల్లిపాలలో ఎవరి వంతు?

తల్లిపాలలో నీటిని మినహాయించినచో, పాలచక్కెరయు క్రొవ్వును పోగా మూడవ స్థానము ఒలిగోసాకరైడులను సంకీర్ణ శర్కరలది. వీనిలో దాదాపు రెండువందల రకములు గుర్తింపబడినవి. చిత్రమేమనగా, వీనిని జీర్ణించుకొను శక్తి శిశువునకు లేదు. చాలవరకు అవి చెక్కుచెదరక పెద్దప్రేవునకు చేరును. బాలింత తన ఒడలు కరగించి తయారుచేయు పాలలో బిడ్డకు అరుగని ఆహారమేల? ప్రకృతి ఇంత దుబారా చేయునా?

జవాబు ఆ పెద్దప్రేవులోనే ఉన్నది. 1899లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థయందు హెన్రీ టిస్సియే, తల్లిపాలు త్రాగు శిశువుల మలమునుండి, పంగలకఱ్ఱవలె చీలిన ఒక సూక్ష్మజీవిని వేరుచేసెను. అదియే బిఫిడోబాక్టీరియము. దానిని పెంచు శర్కరలు మానవస్త్రీల పాలలో ఉన్నవని 1954లో పాల్ జ్యోర్జియు, ఆయన సహచరులును ప్రకటించిరి. తల్లి బిడ్డకే కాక, బిడ్డ కడుపులోని అతిథులకు కూడ వడ్డించుచున్నదన్నమాట. అతిథులనుట వానికి అన్యాయమేమో! అవి ఆ శర్కరలను పులియబెట్టి ఆమ్లములు పుట్టించును; ఆ ఆమ్లములున్నచోట హానికరములైన జీవులనేకము నిలద్రొక్కుకొనజాలవు. తిన్న కూటికి కాపలా కాయుచున్నవి.

ఈ పొత్తు నిన్న మొన్నటిది కాదు. ఆఫ్రికాలోని చింపాంజీల, బొనోబోల, గొరిల్లాల ప్రేవులలోని సూక్ష్మజీవులను మానవులవానితో పోల్చిన పరిశోధన ఒకటి 2016లో ‘సైన్స్’ పత్రికయందు వెలువడెను. బిఫిడోబాక్టీరియముల కుటుంబములో అనేక శాఖలు ఈ వానరుల వంశవృక్షమునే అనుసరించి చీలినవి. సుమారు 50 లక్షల ఏండ్ల క్రిందట మన పూర్వులును చింపాంజీల పూర్వులును విడిపోయిన కాలముననే ఈ జీవులును వేరుపడినవి. అన్నదమ్ములు వేరుపడునపుడు పశువులను కూడ పంచుకొన్నట్లు. అన్ని సూక్ష్మజీవులకును ఇది చెల్లదు; కొన్ని ఒక జంతువునుండి వేరొక జంతువునకు దాటుచునే వచ్చినవి.

అయితే ఈ ఆస్తి మన జన్యువులలో లిఖింపబడినది కాదు. ప్రతి శిశువును దీనిని, ముఖ్యముగా తల్లినుండి, క్రొత్తగా పొందవలసినదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎరికా, జస్టిన్ సోనెన్‌బర్గ్ దంపతులును సహచరులును మానవుల సూక్ష్మజీవులను చిట్టెలుకలకు చేర్చి, పీచు తక్కువగల ఆహారముతో నాలుగు తరములు పెంచిరి. ఫలితములు 2016లో వెలువడినవి. మొదటి తరమున పీచు మరల పెట్టగా తగ్గిన జాతులు చాలవరకు కోలుకొన్నవి. తరము మారినకొలది కొన్ని మాయమగుచు వచ్చినవి. నాల్గవ తరమున పీచు పెట్టినను అవి తిరిగి రాలేదు. బయటినుండి తెచ్చి చేర్పవలసివచ్చెను.

తల్లిపాల శర్కరలను తినుటలో మిక్కిలి నేర్పరియైన ఇన్‌ఫాంటిస్ అను బిఫిడో రకము బంగ్లాదేశ్ శిశువులలో సమృద్ధిగా కానవచ్చినది. అమెరికా శిశువులలో అది అరుదు. అది లేని పసివారిలో పెక్కుమంది మలమున ఆ శర్కరలు, తినువారు లేక, అట్లే బయటపడుచున్నవి.