డాక్టరు గొట్టం తుడిచారా?

సర్కారు ఆసుపత్రి. పొద్దున తొమ్మిదిన్నర. ఓపీ చీటీలు పట్టుకుని వరండా నిండా జనం. దగ్గుతున్న తాత ఒకరు. చంక కింద గడ్డ లేచి చీము కారుతున్న ఆమె ఒకరు. నెలలు నిండిన గర్భిణి ఒకరు. పది రోజుల బిడ్డను ఒళ్లో పెట్టుకున్న బాలింత ఒకరు.

లోపల డాక్టరుగారు ఒక్కరే. మెడలో గొట్టం వేలాడుతోంది. తాత వీపు మీద దాన్ని ఆనించి విన్నారు. "తర్వాత" అన్నారు. గడ్డ లేచిన ఆమె వచ్చింది. ఆమెకూ ఆనించి విన్నారు. "తర్వాత" అన్నారు. అట్లా ముప్పై మంది అయ్యాక పది రోజుల బిడ్డ వంతు వచ్చింది. అదే గొట్టం. అదే బిళ్ళ. బిడ్డ గుండెల మీద పెట్టారు.

అక్కలారా, ఒక్క మాట. చేపల పులుసు కలిపిన గరిటె కడక్కుండా పాయసంలో పెడతామా? పెట్టం. మరి ఆ బిళ్ళ సంగతి మనమెప్పుడైనా ఆలోచించామా?

గొట్టం ఎట్లా పుట్టింది?

మనం గొట్టం అంటున్నాం. దాని పేరు స్టెతస్కోపు. ఇది 1816లో ఫ్రాన్స్ దేశంలో పుట్టింది. పారిస్ పట్నంలో నెకర్ ఆసుపత్రి అని ఉంది. అక్కడ లెనెక్ అనే డాక్టరు ఉండేవాడు. అప్పటిదాకా గుండె చప్పుడు వినాలంటే డాక్టరు తన చెవిని రోగి ఛాతీకి ఆనించి వినేవాడు. ఒకసారి గుండెజబ్బుతో ఒక పడుచు అమ్మాయి వచ్చింది. ఆమె ఛాతీ మీద చెవి పెట్టడం మర్యాద కాదని లెనెక్‌కు అనిపించింది. కాగితాలు తీసుకుని గట్టిగా చుట్టాడు. ఒక కొన ఆమె ఛాతీ మీద, రెండో కొన తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. చెవి ఆనించినప్పటికన్నా చప్పుడు స్పష్టంగా వినిపించింది! తర్వాత కొయ్యతో గొట్టం చేయించుకున్నాడు. ఇప్పటిలాగా రెండు చెవుల్లో పెట్టుకునే గొట్టాలు 1850ల్లో వచ్చాయి.

అంటే, ఆడమనిషి మర్యాద కాపాడడానికి పుట్టిన వస్తువు ఇది. గొప్ప వస్తువు. దీన్ని తీసిపారేయాలని ఎవరూ అనరు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినడానికి కూడా ఇలాంటి గొట్టమే వాడతారు. నర్సమ్మ మన పొట్ట మీద ఆనించే ఆ చిన్న గొట్టం లెనెక్ గొట్టానికి మనవరాలే.

కంటికి కనబడనివి

రాత్రి పాలలో చుక్క పెరుగు వేస్తాం. తెల్లారేసరికి గిన్నెడు పాలు తోడుకుంటాయి. ఎట్లా? ఆ చుక్కలో కంటికి కనబడని జీవులు లక్షల్లో ఉన్నాయి. రాత్రంతా అవి పెరిగాయి. అవి మనకు మేలు చేసేవి. కీడు చేసేవీ ఉన్నాయి. మన చర్మం మీదా, ముక్కులోనూ కొన్ని ఎప్పుడూ ఉంటాయి. చర్మం మీద ఉన్నంతసేపు ఊరికే ఉంటాయి. ఆపరేషన్ కుట్ల లోపలికో, పసిబిడ్డ బొడ్డులోకో దిగితే చీము పడుతుంది, జ్వరం వస్తుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

ఆసుపత్రి క్రిములు మరీ మొండివి. అక్కడ రకరకాల మందులు వాడతారు. మందుకు చచ్చేవి చస్తాయి. చావనివి మిగిలి పెరుగుతాయి. అవి అంటుకుంటే మామూలు మందులు పనిచేయవు.

"అంటు" అనగానే మన పల్లెల్లో ఇంకో సంగతి గుర్తుకు వస్తుంది. ఫలానా కులంవాళ్లు తాకితే అంటు అన్నారు. అది మనుషులు కల్పించిన అబద్ధం. క్రిములకు కులం తెలియదు. తెల్లకోటు వేసుకున్న చదువరి చేతి మీదా ఉంటాయి, మన చేతి మీదా ఉంటాయి. కడిగిన చెయ్యా, కడగని చెయ్యా, అదొక్కటే తేడా.

వియన్నా ఆడవాళ్లకు ముందే తెలుసు

ఈ సంగతి డాక్టర్లకు తెలియడానికి ఎందరో బాలింతలు చచ్చిపోవాల్సి వచ్చింది. అది ఎట్లా జరిగిందో చెబుతాను.

ఆస్ట్రియా దేశంలో వియన్నా అని పెద్ద పట్నం. అక్కడి పెద్దాసుపత్రిలో కాన్పులకు రెండు విభాగాలు ఉండేవి. మొదటి విభాగంలో డాక్టర్లు, డాక్టరు చదువు చదివే కుర్రాళ్లు పురుళ్లు పోసేవాళ్లు. రెండో విభాగంలో మంత్రసానులు పోసేవాళ్లు. వచ్చేవాళ్లు ఎక్కువమంది పేద ఆడవాళ్లు. ఒకరోజు ఒక విభాగంలో, మర్నాడు రెండో విభాగంలో చేర్చుకునేవాళ్లు.

1846లో మొదటి విభాగంలో 4,010 కాన్పులు జరిగాయి. 459 మంది బాలింతలు చనిపోయారు. అంటే నూటికి 11 మంది. రెండో విభాగంలో 3,754 కాన్పులు. చనిపోయినవాళ్లు 105 మంది. నూటికి ముగ్గురు కూడా కాదు. చూశారా! చదువుకున్న డాక్టర్లు ఉన్నచోట చావులు ఎక్కువ. మంత్రసానుల దగ్గర తక్కువ.

ఊళ్లో ఆడవాళ్లకు ఇది తెలుసు. మొదటి విభాగానికి పంపుతున్నారని తెలిస్తే మోకాళ్ల మీద పడి బతిమాలేవాళ్లు. "మమ్మల్ని రెండో దాంట్లో చేర్చండి బాబూ" అని ఏడ్చేవాళ్లు. దారిలో, వీధిలో ప్రసవించి వచ్చినవాళ్లు కూడా మొదటి విభాగం వాళ్లకన్నా బాగా ఉండేవాళ్లు. ఆడవాళ్ల భయాన్ని డాక్టర్లు పట్టించుకోలేదు. గాలి చెడ్డదన్నారు. ఇంకేదేదో అన్నారు. రెండు విభాగాలకూ గాలి ఒకటే కదా!

అక్కడ సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు ఉండేవాడు. హంగరీ దేశస్థుడు. ఆయనకు నిద్రపట్టలేదు. ఒక్కొక్క కారణమూ తీసుకుని చూశాడు. జనం కిక్కిరిసి ఉండడం వల్లనా? రెండో విభాగంలోనే జనం ఎక్కువ. పడుకోబెట్టే తీరు వల్లనా? దాన్ని మార్చి చూశాడు. లాభం లేదు. చనిపోయేవాళ్ల దగ్గరికి పూజారి గంట మోగిస్తూ వస్తాడు, ఆ భయం వల్లనా? గంట మాన్పించి చూశాడు. చావులు ఆగలేదు.

1847 మార్చిలో ఆయన స్నేహితుడైన ఒక డాక్టరు చనిపోయాడు. శవాన్ని కోస్తుండగా విద్యార్థి కత్తి ఆయన వేలికి గీసుకుంది. బాలింతలకు వచ్చే జ్వరం లాంటిదే వచ్చి పోయాడు. అప్పుడు సెమ్మెల్‌వైస్‌కు లైటు వెలిగినట్లయింది. డాక్టర్లూ, కుర్రాళ్లూ పొద్దున శవాలు కోస్తున్నారు. ఆ చేతులతోనే వచ్చి పురుళ్లు పోస్తున్నారు. మంత్రసానులు శవాల జోలికి పోరు. అదీ తేడా!

ఆ ఏడాది మే నెలలో ఒక నియమం పెట్టాడు. కాన్పు గదిలోకి వచ్చే ప్రతివాడూ క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలి. ఆయన వాడినది ఇప్పుడు మన ఊరి బావిలో వేసే బ్లీచింగ్ పొడి లాంటిదే. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయారు. జూన్‌లో నూటికి ఇద్దరు. 1848లో రెండు నెలల్లో ఆ విభాగంలో ఒక్క బాలింత కూడా చనిపోలేదు.

అందరూ ఆయనకు దండం పెట్టి ఉంటారని అనుకుంటున్నారా? లేదు. చాలామంది పెద్ద డాక్టర్లకు కోపం వచ్చింది. "మా చేతుల వల్ల చావులా?" అని మండిపడ్డారు. 1850లో ఆయన వియన్నా విడిచి వెళ్లిపోయాడు. 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. అప్పటికి 47 ఏళ్లు. 1879లో పాశ్చర్ అనే శాస్త్రవేత్త బాలింత జ్వరం తెచ్చే క్రిమి ఇదీ అని చూపించాడు. అప్పటికి సెమ్మెల్‌వైస్ లేడు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ ఆసుపత్రిలో ఎన్ని కాన్పులు, ఎన్ని చావులు అని పుస్తకంలో రాసిపెట్టారు. ఆ లెక్క లేకపోతే సెమ్మెల్‌వైస్ మాటకు సాక్ష్యమే లేదు. ఆడవాళ్ల ఏడుపు ఎవరూ వినలేదు గానీ, కాగితం మీది అంకెను కాదనలేకపోయారు.

చెయ్యి సరే, గొట్టం మాటేమిటి?

ఇప్పుడు డాక్టర్లందరికీ చేతుల సంగతి తెలుసు. 2020లో కరోనా వచ్చినప్పుడు మనమూ సబ్బు పెట్టి చేతులు తోముకున్నాం. గొట్టాన్ని మాత్రం చాలామంది మరిచిపోతారు.

స్విట్జర్లాండ్ దేశంలో జెనీవా అనే పట్నం ఉంది. అక్కడి ఆసుపత్రి డాక్టర్లు ఒక పరీక్ష చేసి 2014లో ప్రచురించారు. ముందు గొట్టాన్ని క్రిములు లేకుండా శుభ్రం చేశారు. దాంతో ఒక రోగిని చూశారు. ఆ తర్వాత డాక్టరు చేతి మీద ఏయే చోట ఎన్ని క్రిములు ఉన్నాయో, గొట్టం మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు. అన్నింటికన్నా ఎక్కువ వేళ్ల కొసల మీద ఉన్నాయి. దాని తర్వాతి స్థానం గొట్టం బిళ్ళదే! అరచేతి కన్నా బిళ్ళ మీద ఎక్కువ. మందులకు లొంగని మొండి క్రిములు కూడా బిళ్ళ మీదికి ఎక్కాయి. ఇదంతా ఒక్క రోగిని చూశాకే. ముప్పై మందిని చూస్తే ఎట్లా ఉంటుందో మీరే ఊహించండి.

అయితే భయపడి పారిపోకండి. బిళ్ళ మీద క్రిమి ఉన్నంత మాత్రాన అందరికీ రోగం రాదు. ఆసుపత్రిలో రోగాలు పాకడానికి మొదటి దారి చేతులే. గొట్టం, బీపీ చూసే పట్టీ, జ్వరం చూసే కడ్డీ, బిడ్డను తూచే తక్కెడ, ఇవన్నీ ఆ చేతికి తోడు. కానీ పసిబిడ్డలకూ, బాలింతలకూ, ఒళ్లు కాలినవాళ్లకూ, షుగరు ఉన్నవాళ్లకూ, ముసలివాళ్లకూ తట్టుకునే శక్తి తక్కువ. వాళ్ల దగ్గర చిన్న అజాగ్రత్త కూడా పనికిరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక లెక్క చెప్పింది. ఆసుపత్రిలో పడకెక్కిన 100 మందిలో ధనిక దేశాల్లో 7 మందికి, మనలాంటి దేశాల్లో 15 మందికి అక్కడే కొత్త రోగం అంటుకుంటోంది. అట్లా అంటుకున్న పదిమందిలో ఒకరు చనిపోతున్నారు. ఒక రోగం తగ్గించుకోను పోయి ఇంకో రోగం తెచ్చుకోవడమంటే ఇదే.

తుడవడానికి ఎంతసేపు?

దూదికి స్పిరిట్ అద్దాలి. బిళ్ళను రెండు వైపులా, అంచు చుట్టూ తుడవాలి. ఆరనివ్వాలి. అంతే. అర నిమిషం కూడా పట్టదు. స్పిరిట్ సూది వేసే గదిలో ఎప్పుడూ ఉంటుంది. చేతికి రాసుకునే మందు, అదే శానిటైజరు, దాంతో తుడిచినా చాలా క్రిములు పోతాయి. కొందరు బిళ్ళకు గుడ్డ తొడుగు వేస్తారు. ఉతకని తొడుగు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. జాకెట్టు మీద నుంచి వింటే ఫరవాలేదు కదా అంటారేమో. ఆ జాకెట్టు మీది మురికే బిళ్ళకు అంటుతుంది.

కొన్ని పెద్దాసుపత్రుల్లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు ఉండే గదిలో, ఒక్కో మంచానికి ఒక్కో గొట్టం విడిగా పెడతారు. అన్నిచోట్లా అట్లా చేయలేరు. తుడవడం మాత్రం అన్నిచోట్లా చేయవచ్చు. 2015లో కేంద్ర ప్రభుత్వం కాయకల్ప అనే పథకం మొదలుపెట్టింది. శుభ్రంగా ఉండి, రోగాలు పాకకుండా చూసుకునే సర్కారు ఆసుపత్రులకు దీని కింద బహుమతి ఇస్తారు. మీ ఆసుపత్రికి వచ్చిందేమో గోడ మీద చూడండి. మీకిప్పుడు చదవడం వచ్చు కదా.

అడగడం ఎట్లా?

ఇదే కష్టం. డాక్టరుగారిని అడగాలంటే నోరు రాదు. "నీకేం తెలుసు" అంటారని భయం. కోపం వస్తే సరిగా చూడరేమో అని ఇంకో భయం. ఆ భయం ఉత్తది కాదు. అందుకే తగువు పెట్టుకున్నట్టు అడగవద్దు. పక్కన నర్సమ్మ ఉంటే ముందు ఆమెతో చెప్పండి. మన ఊరి ఆశా కార్యకర్తను తోడు తీసుకుపోండి. లేదంటే మెల్లిగా ఇట్లా అనండి: "డాక్టరుగారూ, పసిబిడ్డ కదండీ. గొట్టం ఒక్కసారి తుడిచి పెడతారా?" చాలామంది డాక్టర్లు "అయ్యో, అవునమ్మా" అని తుడుస్తారు. వాళ్లకూ తెలుసు. రద్దీలో మరిచిపోతారు. రోజుకు వందమందిని చూసే మనిషి మీద మనకు కోపం ఎందుకు?

అడిగేముందు మన చేతులూ చూసుకోవాలి. బాలింతను చూడటానికి పదిమంది పోతాం. బస్సు దిగి తిన్నగా వెళ్లి బిడ్డను ఎత్తుకుంటాం. ముద్దు పెట్టుకుంటాం. పక్క రోగి మంచం మీద కూర్చుంటాం. ఆ మంచం కమ్మీ పట్టుకున్న చేత్తోనే మన రోగికి అన్నం కలుపుతాం. డాక్టరుగారి గొట్టం ఎంతో మన చెయ్యీ అంతే. ఒక సబ్బుబిళ్ళ కొంగున కట్టుకుని పోండి. ఆసుపత్రిలో సబ్బు ఉంటుందని నమ్ముకోకండి. జలుబు చేసినవాళ్లు బాలింత గదిలోకి పోనే వద్దు. ఎవరేమనుకున్నా సరే.

ఇంకో చిన్న మాట. బిళ్ళను స్పిరిట్‌తో తుడిచాక ఆరిందో లేదో చూడమనండి. తడి ఆరితేనే క్రిమి చస్తుంది. పైగా తడిబిళ్ళ చల్లగా ఉంటుంది, పెట్టగానే బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఏడుస్తుంటే డాక్టరుగారికి గుండె చప్పుడు సరిగా వినబడదు.