పరుగులో పుట్టిన కోడుకు పేరు పెట్టడం

తెలుగు వికీపీడియాలో జి. కొండూరు అనే ఊరి పేజీని లాగిన్ కాకుండా చదివే పాఠకుడికి సాధారణంగా ముందే తయారుచేసి దాచిన ప్రతి అందుతుంది. అందులో సర్వర్‌కు పెద్ద శ్రమ లేదు. ఎవరైనా ఒక వాక్యం సవరించి ప్రచురించినప్పుడే అసలు పని మొదలవుతుంది. పేజీలో వాడిన మూసలన్నీ (టెంప్లేట్లు) విప్పాలి, సమాచారపెట్టె నింపాలి, లింకులు సరిచూడాలి, పాఠ్యాన్ని మళ్లీ హెచ్‌టీఎంఎల్‌గా మార్చాలి. ఈ పని చేసేది పీహెచ్‌పీ భాషలో రాసిన మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్.

2014 చివర్లో వికీమీడియా ఫౌండేషన్ తన సర్వర్లలోని పాత పీహెచ్‌పీ ఇంజిన్ స్థానంలో ఫేస్‌బుక్ తయారుచేసిన హెచ్‌హెచ్‌వీఎంను అమర్చింది. సర్వర్ల సీపీయూ భారం సుమారు 50 శాతం నుంచి 10 శాతానికి దిగింది. పేజీ భద్రం కావడానికి పట్టే సగటు సమయం సుమారు 6 సెకన్ల నుంచి 3 సెకన్లకు తగ్గింది. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు, మండలాలు మారాక ఊళ్ల పేజీలను ఒక్కొక్కటిగా సవరించిన స్వచ్ఛంద సంపాదకుల ప్రతి నొక్కూ ఈ ఇంజిన్ మీదుగానే వెళ్లింది. జీతం లేకుండా పనిచేసేవారికి ఒక్కో పేజీ దగ్గర మూడు సెకన్లు మిగలడం చిన్న విషయం కాదు.

ఆ వేగానికి మూలం జిట్ కంపైలేషన్. సీ వంటి భాషలో రాసిన ప్రోగ్రామును ముందుగానే యంత్రసంకేతంగా మార్చి ఫైల్లో భద్రపరుస్తారు. జిట్ ఇంజిన్ అలా చేయదు. ప్రోగ్రాము నడుస్తుండగా ఏ ఫంక్షన్ తరచుగా పిలుపు అందుకుంటోందో, దానికి ఎలాంటి విలువలు వస్తున్నాయో గమనిస్తుంది. ఆ విలువలకు తగిన యంత్రసంకేతాన్ని అప్పటికప్పుడు మెమరీలో తయారుచేసి, ఇక దాన్నే నడిపిస్తుంది. ఆ సంకేతం డిస్కు మీద ఎక్కడా ఉండదు. ప్రాసెస్ ఆగితే దానితోపాటే పోతుంది.

సర్వర్ నెమ్మదించినప్పుడు చిక్కు బయటపడుతుంది. కాలం ఎక్కడ ఖర్చవుతోందో తెలుసుకోవడానికి లినక్స్‌లో పెర్ఫ్ అనే పనిముట్టు ఉంది. 2009లో 2.6.31 కెర్నెల్‌తో ఇది వచ్చింది. సెకనుకు, ఉదాహరణకు, 99 సార్లు ప్రాసెసర్‌ను ఆపి, ఆ క్షణంలో అది ఏ చిరునామా దగ్గరున్న ఆదేశాన్ని నడుపుతోందో ఒక నమూనాగా రాసుకుంటుంది. తర్వాత నివేదిక తయారుచేసేటప్పుడు ఆ చిరునామా ఏ ఫైలుకు చెందిందో చూసి, ఆ ఫైల్లోని సింబల్ పట్టికలోంచి ఫంక్షన్ పేరు తెస్తుంది. జిట్ కోడుకు ఫైలే లేదు గనుక పట్టికా లేదు. అందుకే నివేదికలో కెర్నెల్ ఫంక్షన్లకు పేర్లుంటాయి, సీ లైబ్రరీకి పేర్లుంటాయి, అన్నిటికంటే ఎక్కువ కాలం తిన్న వరుసల్లో మాత్రం పొడుగాటి పదహారంకె సంఖ్యలు, పక్కన ‘అన్‌నోన్’ అన్న మాట కనిపిస్తాయి. జి. కొండూరు మామిడి తోటల నుంచి నున్న మామిడి మార్కెట్టుకు చీటీ లేని ట్రేలు చేరితే కాటా మీద బరువు కచ్చితంగా తేలుతుంది గాని, కాయ ఎవరి తోటదో తేలదు. ఈ నివేదిక పరిస్థితి కూడా అంతే.

దీనికి కనిపెట్టిన మొదటి విరుగుడు ఆశ్చర్యపోయేంత సులువైనది. ఫంక్షన్‌ను తయారుచేసిన జిట్ ఇంజినే దాని పేరును కూడా ఒక ఫైల్లో రాసిపెట్టాలి. ప్రాసెస్ సంఖ్య 4312 అయితే, తాత్కాలిక ఫైళ్లుండే టీఎంపీ ఫోల్డర్లో ‘పెర్ఫ్-4312.మ్యాప్’ అనే మామూలు పాఠ్య ఫైలు పుడుతుంది. అందులో ఒక్కో ఫంక్షన్‌కు ఒక్కో వరుస, వరుసకు మూడు అంశాలు: మొదలయ్యే చిరునామా, పొడవు, పేరు. ఉదాహరణకు ఒక వరుస ఇలా ఉంటుంది:

40215680 180 పార్సర్::బ్రేస్‌సబ్‌స్టిట్యూషన్

మొదటి రెండూ పదహారు ఆధారంగా రాసిన సంఖ్యలు. మూడోది మీడియావికీలో జంట మీసాల బ్రాకెట్ల మధ్య రాసిన మూసను విప్పే ఫంక్షన్. నమూనాల్లో నమోదైన చిరునామా ఈ పరిధిలో పడితే పెర్ఫ్ నివేదికలో సంఖ్యకు బదులు ఈ పేరు వస్తుంది. సమాచారపెట్టె మూసను విప్పడానికే సగం కాలం పోతోందా, లేక అసలు ఆలస్యం డేటాబేస్ దగ్గరుందా అన్నది అప్పుడు తెలుస్తుంది. హెచ్‌హెచ్‌వీఎం ఈ ఫైలు రాస్తుంది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌కు ‘పెర్ఫ్-బేసిక్-ప్రాఫ్’ అనే ఎంపిక ఇస్తే అదీ రాస్తుంది. నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఉంది. కెర్నెల్ వారు, భాషల వారు పెద్ద ఒప్పందాలేవీ చేసుకోనక్కర లేకుండా మూడు గడుల వరుసతో పని జరిగిపోతోంది.

అయితే ఆ ఫైల్లో కాలం లేదు. జిట్ ఇంజిన్ ఒక ఫంక్షన్‌ను ముందు త్వరగా, నాసిగా తయారుచేస్తుంది. అది బాగా వాడుకలో ఉందని తేలాక మెరుగైన రూపం తయారుచేసి పాతదాన్ని పారేస్తుంది. ఖాళీ అయిన జాగాలోకి పూర్తిగా వేరే ఫంక్షన్ రావచ్చు. అప్పుడు ఒకే చిరునామాకు ఫైల్లో రెండు పేర్లుంటాయి. నమూనా తీసిన క్షణంలో అక్కడ ఉన్నది ఏదో పెర్ఫ్‌కు తెలిసే దారి లేదు. పేరు లేకపోవడం కంటే తప్పు పేరు ప్రమాదకరం. పేరు లేకపోతే ఇంజినీరు ఆగి ఆలోచిస్తాడు, తప్పు పేరు ఉంటే నమ్మకంగా తప్పు ఫంక్షన్‌ను సరిచేయడానికి కూర్చుంటాడు.

దీనికి జవాబుగా 2016లో జిట్‌డంప్ అనే రెండో పద్ధతి లినక్స్‌లోకి వచ్చింది. గూగుల్ ఇంజినీరు స్టెఫాన్ ఎరానియన్ దీన్ని రూపొందించాడు. ఇందులో ప్రతి ఫంక్షన్‌తోపాటు అది పుట్టిన సమయం, దాని యంత్రసంకేతపు బైట్లు కూడా నమోదవుతాయి. పెర్ఫ్ నమూనాలకూ ఈ నమోదుకూ ఒకే గడియారం వాడి, తర్వాత ‘పెర్ఫ్ ఇంజెక్ట్’ ఆదేశంతో రెండింటినీ కాలక్రమంలో కలుపుతారు. బైట్లు దొరికాయి గనుక ఫంక్షన్ లోపల ఏ ఆదేశం దగ్గర కాలం పోయిందో కూడా చూడవచ్చు. బదులుగా ఫైళ్లు పెద్దవవుతాయి, పనిలో ఒక మెట్టు పెరుగుతుంది.

పేరు దొరికినా సగం కథే. ఒక ఫంక్షన్‌ను ఎవరు పిలిచారు, వాళ్లను ఎవరు పిలిచారు అన్న వరుస తెలియాలి. బ్రెండన్ గ్రెగ్ 2011లో తయారుచేసిన, కాలం ఎక్కడ పోయిందో బొమ్మగా చూపే ఫ్లేమ్ గ్రాఫు ఆ వరుసల మీదే నిలుస్తుంది. వరుస పట్టుకోవడానికి సులువైన మార్గం ఫ్రేమ్ పాయింటర్. ప్రతి ఫంక్షన్ తనను పిలిచినదాని జాడకు దారి చూపే చిరునామాను ఒక నిర్ణీత రిజిస్టర్లో నిలుపుతుంది. కంపైలర్లు చాలాకాలం ఆ రిజిస్టర్‌ను వేరే లెక్కలకు వాడుకున్నాయి, జావా కూడా అదే చేసింది. నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేస్తూ గ్రెగ్ చూపిన ప్రయోగ రూపం తర్వాత 2015లో జావా 8 అప్‌డేట్ 60లో ఫ్రేమ్ పాయింటర్‌ను కాపాడే ఎంపిక వచ్చింది. లినక్స్ పంపిణీలైన ఫెడోరా 38, ఉబుంటు 24.04 తమ ప్యాకేజీల్లో దాదాపు అన్నిటిలో దాన్ని నిలపాలని నిర్ణయించాయి. ఒక రిజిస్టర్ పోవడం వల్ల కలిగే కొద్దిపాటి నష్టం కంటే, ఎప్పుడు కావాలంటే అప్పుడు సర్వర్ లోపలికి చూడగలగడం ఎంతో విలువైనదని నా దృఢమైన అభిప్రాయం.

జిట్ లేని చోట కూడా ఇలాంటి లోటే ఉంది. పైథాన్ ఇంటర్‌ప్రెటర్ వేల ఫంక్షన్లను నడిపినా, పెర్ఫ్‌కు కనిపించేది ఆ ఇంటర్‌ప్రెటర్ ఫంక్షన్ ఒక్కటే. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 దీనికి చక్కని దారి చూపింది. ఒక్కో పైథాన్ ఫంక్షన్‌కు ఒక్కో చిన్న యంత్రసంకేతపు తునకను మెమరీలో తయారుచేసి, ఇంటర్‌ప్రెటర్‌ను దాని మీదుగా పిలుస్తుంది, ఆ తునక పేరును మ్యాప్ ఫైల్లో రాస్తుంది. ఆ తునక లెక్క ఏదీ చేయదు, పేరు మోయడమే దాని పని.

మళ్లీ వికీపీడియా దగ్గరకు వస్తే, 2019 సెప్టెంబరుకు వికీమీడియా హెచ్‌హెచ్‌వీఎంను వదిలి పీహెచ్‌పీ 7కు మారింది. 2022 ఏప్రిల్‌లో జి. కొండూరు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లేనాటికి పాత ఇంజిన్ లేదు. దానిలో ఉన్న జెనాన్ అనే నమూనా సేకరణ సాధనమూ పోయింది గనుక వికీమీడియా ఇంజినీర్లు ఎక్సైమర్ అనే కొత్తదాన్ని రాసుకున్నారు. ఇలాంటివి పీహెచ్‌పీ లోపలి పేర్లను చక్కగా చెబుతాయి, కాని పని కెర్నెల్లోకో సీ లైబ్రరీలోకో దిగితే అక్కడ ఆగిపోతాయి. మొత్తం దారి ఒకే బొమ్మలో కావాలంటే పెర్ఫ్ వంటి వ్యవస్థాస్థాయి సాధనమే కావాలి, దానికి పేర్లను భాషే అందించాలి.

2020 నవంబరులో పీహెచ్‌పీ 8 తనలోనే జిట్‌ను చేర్చుకుంది. మ్యాప్ ఫైలు, జిట్‌డంప్ రెండూ రాయగల అమరిక అందులో ఉంది. అది మామూలుగా మూసి ఉంటుంది, నడుస్తున్న సర్వీసులో తెరవడం కుదరదు. జావా 17లో మాత్రం నడుస్తున్న ప్రాసెస్‌ను అడిగి, ఆ క్షణంలో దాని దగ్గరున్న జిట్ ఫంక్షన్ల పట్టికను ఒక్క ఆదేశంతో రాయించుకోవచ్చు. సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే వెతుకుతున్న జబ్బే మాయం కావచ్చు గనుక, మిగతా భాషలు కూడా ఈ జావా పద్ధతినే అందుకోవాలి.