పాఠమునకు గురి యేది?

సాయంకాలము బడి నుండి వచ్చిన బిడ్డను మనము సాధారణముగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "ఈ దినము అయ్యవారు ఏమి చెప్పినారు?" బిడ్డ "వర్షపాతము" అనును. మన విచారణ అంతటితో ముగియును. "దానిని గూర్చి నీకు ఇప్పుడు ఏమి చేయుట వచ్చినది?" అని అడిగినచో బిడ్డ తడుముకొనును. తప్పు బిడ్డది కాదు. పలుమారు అయ్యవారు ఆ పాఠమును సిద్ధపరచుకొనిన పుస్తకములో కూడ ఈ ప్రశ్నకు జవాబు ఉండదు.

ఉపాధ్యాయులు పాఠము చెప్పుటకు ముందు పాఠ్యపథకము వ్రాయుదురు. అందు లక్ష్యములకు ఒక గడి ఉండును. "విద్యార్థులకు వర్షపాతమును గూర్చి అవగాహన కల్పించుట" అని ఆ గడిలో వ్రాయుట పరిపాటి. చూచుటకు నిండుగనే యున్నది. కాని అవగాహన కల్పించువాడు ఉపాధ్యాయుడు. విద్యార్థి ఆ వాక్యములో ఏ పనియు చేయుట లేదు. గంట కొట్టిన పిమ్మట లక్ష్యము నెరవేరినదో లేదో తెలిసికొనుటకు అందు ఆధారము లేదు. "వర్షపాతము" తీసివేసి "విద్యుత్తు" అని పెట్టినను ఆ వాక్యము చెక్కుచెదరదు.

దీనిని ఇట్లు మార్చి చూతము. "పది చదరపు మీటర్ల మిద్దెపై 20 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు ఎన్ని లీటర్ల నీరు దిగునో విద్యార్థి లెక్కించి చెప్పగలుగును." ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరగును, కావున జవాబు 200 లీటర్లు. ఇక్కడ చేయవలసిన పని కనబడుచున్నది, ఒప్పు తప్పులు ఎవరైనను చెప్పగలరు. అంతకంటె ముఖ్యమైనది, గురి ఇట్లు నిర్ణయమైన వెంటనే పాఠము రూపమే మారును. నిర్వచనమును నల్లబల్లపై వ్రాసి రెండుసార్లు చదివించినంత మాత్రమున ఈ లెక్క రాదు. నీటిని కొలిపింపవలెను, వైశాల్యమును జ్ఞప్తికి తేవలెను.

కర్నూలు, కడప ప్రాంతములలో రైతు వానను పదునును బట్టి కొలుచును. వేరుశనగ విత్తుటకు తడి ఎంత లోతు దిగినదో ఆయన మట్టిని త్రవ్వి చూచును. "వాన వెలిసిన మరునాడు ఎఱ్ఱనేలలోను, నల్లరేగడిలోను గుంట త్రవ్వి, తడి దిగిన లోతును కొలిచి, తేడాకు కారణము చెప్పగలుగును" అనుట పై తరగతికి తగిన గురి. ఇంటి పెద్దలే ఆ పాఠమునకు సాయపడగలరు.

ఈ చిక్కు నేటిది కాదు. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1822లో బడులను గూర్చి విచారణ జరిపింప నాజ్ఞాపించెను. దత్తమండలములలోనిదే యైన బళ్ళారి జిల్లా నుండి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ 1823లో నివేదిక పంపెను. ఆ జిల్లాలో అప్పుడు 533 బడులు, 6,641 మంది పిల్లలు. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పు పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. కాని పద్యములను తడబడక అప్పజెప్పు బాలురకు వాని అర్థము చిలుకకు తెలిసినంతయే యని కూడ వ్రాసెను. కంఠపాఠము చెడ్డదని నేననను. గురి అక్కడనే ఆగిపోవుట లోపము.

1956లో షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన బెంజమిన్ బ్లూమ్ తన సహచరులతో కలసి లక్ష్యములను జ్ఞానము, అవగాహన, వినియోగము, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనము అని ఆరు మెట్లుగా విభజించెను. మరుసటి యేడే ఆయన భారతదేశమునకు వచ్చి, పరీక్షల సంస్కరణను గూర్చి కార్యశాలలు నడిపెను. మన శిక్షణ కళాశాలలలో నేర్పు "లక్ష్యములు, స్పష్టీకరణలు" ఆ దారిలోనివే. 1962లో రాబర్ట్ మేగర్, లక్ష్యములో చేయవలసిన పని, అది చేయవలసిన పరిస్థితి, చాలునను ప్రమాణము, ఈ మూడును ఉండవలెననెను. 2017లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి తరగతుల వారీగా అభ్యసన ఫలితములను ప్రకటించినది.

అన్ని పాఠములకును ఈ కొలత సరిపోవునా? సరిపోదు. వేమన పద్యము చదువు పిల్లవానికి కలుగు ఆనందమును ఏ స్పష్టీకరణలోనికిని ఎక్కింపజాలము. "ఆనందించును" అని వ్రాసి గడి నింపుట కంటె వ్రాయకుండుటే మేలు. పద్యభావమును తన మాటలలో చెప్పగలుగును, అందుకు తగిన సంగతి నొకదానిని తన యూరి నుండి చూపగలుగును అని వ్రాసి, తక్కినది పద్యమునకే విడువవచ్చును. ఒక గంట పాఠమునకు పది లక్ష్యములు వ్రాయు అలవాటు మరియొక చిక్కు. రెండు చాలును.

గురి స్పష్టముగా నుండుట వలన మిక్కిలి మేలు పొందువారు బడికి దూరమైన పిల్లలు. కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతపు పల్లెల నుండి, మిరపకాయలు కోయుటకు కుటుంబములు గుంటూరు వైపు వలసపోవుట కలదు. పిల్లలును వెంట పోవుదురు. నెలల పిమ్మట ఒక బాలిక తిరిగి వచ్చి తరగతిలో కూర్చుండును. ఉపాధ్యాయుని పుస్తకములో "భిన్నములు పూర్తి, దశాంశములు పూర్తి" అని మాత్రమే యున్నచో, ఆమెకు ఏమి చెప్పవలెనో ఆయనకు తోచదు. ఆమె వెనుక బల్లపై మిగిలిపోవును. "సగము, పావు, ముప్పావు కలిపి కూడగలుగును", "రూపాయలు పైసలలోని మొత్తమును దశాంశముగా వ్రాయగలుగును" అని యున్నచో, నాలుగు లెక్కలిచ్చి పది నిమిషములలో ఆమె స్థితి తెలిసికొనవచ్చును. తోటలో తల్లి కోసిన కాయల తూకమును, రావలసిన కూలిని రోజూ లెక్క కట్టిన పిల్లకు రెండవది ముందే వచ్చి యుండవచ్చును. అప్పుడు ఆమెకు మరల చెప్పవలసినది భిన్నముల కూడిక యొక్కటే.