కప్పు కొట్టిన టీమ్ ఢిల్లీ వెళ్లిపోయింది.. ఊరి ఫుట్‌బాల్ క్లబ్ మాత్రం ఎక్కడికీ పోదు! ఎందుకంటే..

2022 మార్చి 20. గోవాలోని ఫతోర్డా స్టేడియం. కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. తెలుగు ఫుట్‌బాల్ ఫ్యాన్స్ పండగ చేసుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి సీన్ మారిపోయింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

అసలు ఆ టీమ్ 2019లో హైదరాబాద్‌కు వచ్చింది కూడా మూతపడిన పుణె సిటీ ఫ్రాంచైజీ స్థానంలోనే. ఓనర్ చేతిలో ఉన్న టీమ్ ఓనర్‌తో పాటే వెళ్తుంది. మరి జీతాలు, ఓనర్లు లేని చిన్న ఊరి క్లబ్ సంగతేంటి? తెలుగు నేల మీద ఫుట్‌బాల్ బతికింది అలాంటి చోట్లే. ఆ కథేంటో చూద్దాం.

అమెచ్యూర్ క్లబ్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే డబ్బుల కోసం కాకుండా ఆట కోసం ఆడే క్లబ్. పొద్దున పొలానికో, కాలేజీకో, ఉద్యోగానికో వెళ్లి సాయంత్రం గ్రౌండ్‌కి వచ్చేవాళ్లే ప్లేయర్లు. బంతి, నెట్, జెర్సీల ఖర్చు చందాలతోనో, ఊళ్లో ఎవరో ఒకరి సాయంతోనో నడుస్తుంది. అమ్మడానికి ఏమీ ఉండదు కాబట్టి కొనేవాడూ ఉండడు.

అమ్ముగూడ నుంచి మెల్‌బోర్న్ దాకా..

సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన అమ్ముగూడ అనే ఊరుంది. తులసీదాస్ బలరాం 1936లో పుట్టింది అక్కడే. తమిళ మూలాలున్న పేద కుటుంబం. సికింద్రాబాద్‌లో ఆర్మీ కంబాట్ ఫోర్స్ టీమ్‌కు, హైదరాబాద్‌లో రైడర్స్ క్లబ్‌కు ఆడాడు. ఆ చిన్న టీమ్‌ల మ్యాచ్‌ల నుంచే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కంట్లో పడ్డాడు.

అక్కడి నుంచి అంతా స్పీడే. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన ఇండియా టీమ్‌లో బలరాం ఉన్నాడు. ఆ టోర్నీలో మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరారు, చివరికి నాలుగో స్థానంలో నిలిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద బలరాం గోల్స్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో గోల్డ్ గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

రహీం సార్ చేసిందేంటి?

రహీం స్వతహాగా స్కూల్ టీచర్. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కేవలం పెద్ద టీమ్‌నే చూసుకుని ఊరుకోలేదు. కుర్రాళ్ల కోసం వెరైటీ టోర్నీలు పెట్టించాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, పాస్ ఇవ్వాల్సిందే. ఇంకోదాంట్లో బలం తక్కువున్న కాలితోనే ఆడాలి. పైసా ఖర్చు లేని ట్రైనింగ్ అన్నమాట!

సంతోష్ ట్రోఫీ లెక్క చూస్తే విషయం అర్థమవుతుంది. 1956-57, 1957-58లో హైదరాబాద్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. అంతే.. ఆ కప్పు మళ్లీ తెలుగు రాష్ట్రాలకు రాలేదు. రహీం 1963లో క్యాన్సర్‌తో చనిపోయారు. బలరాం అప్పటికే 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఇప్పుడు కూడా అదే దారి. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఇండియా టీమ్‌కు ఆడింది, క్లబ్ ఫుట్‌బాల్ కోసం ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకుంది. టాలెంట్ ఇక్కడ పుడుతోంది, ఆడే చోటు మాత్రం ఎక్కడో ఉంటోంది.

కృష్ణా డెల్టాలో ఫుట్‌బాల్ ఎందుకు కనిపించదు?

ఘంటసాల మండలం శ్రీకాకుళాన్నే తీసుకోండి. ఉత్తరాంధ్రలోని జిల్లా కాదు, కృష్ణ ఒడ్డున ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. ఈ చుట్టుపక్కల ఆటంటే కబడ్డీ, వాలీబాల్. కారణం ఇంట్రెస్ట్ లేకపోవడం కాదు.. స్థలం!

సెంట్లలో లెక్కేద్దాం. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 3 సెంట్ల పైచిలుకు. వాలీబాల్ కోర్టుకు 4 సెంట్లు. అదే ఫుట్‌బాల్‌కు పెద్ద మ్యాచ్‌ల కొలత 105 మీటర్లు, 68 మీటర్లు.. దాదాపు ఎకరం 76 సెంట్లు! రూల్స్ ఒప్పుకునే కనీస కొలత 90, 45 మీటర్లు తీసుకున్నా ఎకరం కావాలి.

డెల్టాలో ఎకరం ఖాళీగా ఎవరు వదులుతారు? వరి కోతకు ముందే చేలో మినుము చల్లేస్తారు. అది చేతికొచ్చేసరికి ఫిబ్రవరి, మార్చి. ఆ తర్వాత చేలు ఖాళీయే కానీ ఎండలు మండిపోతాయి, నల్లరేగడి నెర్రెలిస్తుంది. పరిగెత్తితే మడమ మెలికపడటం ఖాయం. ఇక మిగిలేది హైస్కూల్ గ్రౌండే.

మరి ఊళ్లో క్లబ్ పెట్టాలంటే?

ఫుల్ గ్రౌండ్ కోసం ఆగక్కర్లేదు. జట్టుకు ఐదుగురు ఆడే ఫుట్‌సల్‌కు 40 మీటర్లు, 20 మీటర్ల స్థలం చాలు. అంటే 20 సెంట్లు. చాలా స్కూల్ గ్రౌండ్లలో ఇది పడుతుంది. హెడ్మాస్టర్‌ని అడిగి సాయంత్రం పూట పర్మిషన్ తీసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇంకో గమ్మత్తు ఏంటంటే, 7 అనే నంబర్ రెండు చోట్ల పనికొస్తుంది. 11 మంది ఆడే మ్యాచ్ మొదలవ్వాలంటే ఒక్కో జట్టులో కనీసం ఏడుగురు ఉండాలి. ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం సంఘం రిజిస్టర్ చేయాలన్నా కనీసం ఏడుగురు సభ్యులే కావాలి. రిజిస్ట్రేషన్ ఉంటే క్లబ్ పేరు మీద బ్యాంకు ఖాతా తెరవడం, జిల్లా ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను కలవడం సులువవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది మ్యాచ్‌లు. ఏడాదికోసారి సంక్రాంతి టోర్నీ పెట్టి షీల్డు ఇచ్చేస్తే క్లబ్ నిలబడదు. పక్క ఊళ్లతో కలిసి నాలుగు టీమ్‌లు వారం వారం ఆడుకుంటే అదే లీగ్. రహీం కాలంలో హైదరాబాద్‌ను నిలబెట్టింది కూడా ఇలా తరచూ జరిగే చిన్న మ్యాచ్‌లే.

ఐఎస్ఎల్ టీమ్ మళ్లీ ఎప్పుడొస్తుందన్నది కోట్లు పెట్టేవాళ్ల చేతిలో ఉంది. స్కూల్ గ్రౌండ్‌లో రెండు గోల్ పోస్టులు పాతడం మాత్రం ఊరి చేతిలోనే ఉంది.